వేదిక మీద నేరమైన పాట సీడీలో ఎలా తప్పించుకుంది? స్వీడన్ నియో-నాజీ రాక్, విద్వేష చట్టం

అలకనంద:
1998 జనవరి 3న స్టాక్‌హోమ్‌కి ఉత్తరాన బ్రాట్‌బీ అనే ఊళ్లో నియో-నాజీ రాక్ కచేరీ జరుగుతుంటే పోలీసులు లోపలికి వెళ్లి 300 మందికి పైగా అదుపులోకి తీసుకున్నారు. నాజీ సెల్యూట్లు, ‘జీగ్ హైల్’ నినాదాలే కారణం. ఆ రోజుల్లోనే ఇలాంటి బృందాల సీడీలు తపాలాలో ఇంటింటికీ వెళ్తున్నాయి, కేటలాగుల్లో ధరలతో సహా అచ్చవుతున్నాయి. చట్టం ఒక్కటే, పాటలూ దాదాపు అవే. మరి కచేరీకి పోలీసు వ్యాన్లు, సీడీకి ఏళ్ల తరబడి నిశ్శబ్దం ఎందుకు? ‘భావ ప్రకటనా స్వేచ్ఛ వల్ల’ అన్న ఒక్క ముక్క జవాబు చాలా చోట్ల ఉంది. లోపల యంత్రాంగం ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

ధర్మపీఠం:
ముందుగా చట్టం. స్వీడన్ శిక్షాస్మృతి 16వ అధ్యాయం 8వ సెక్షన్, ‘హెట్స్ మూత్ ఫోల్క్‌గ్రుప్’, అంటే జనసమూహం మీద విద్వేషం రెచ్చగొట్టడం. జాతి, చర్మం రంగు, జాతీయ లేదా తెగ మూలం, మత విశ్వాసం, లైంగిక ధోరణి, లింగ గుర్తింపు ఆధారంగా ఒక జనసమూహాన్ని బెదిరించే, లేదా చులకన చేసే మాటను వ్యాప్తి చేస్తే నేరం. మామూలుగా 2 ఏళ్ల వరకు జైలు. చిన్నదైతే జరిమానా. తీవ్రమైనదైతే 6 నెలల నుంచి 4 ఏళ్లు.

ఇది 1948లో పుట్టింది. ఐనార్ ఓబెరి అనే యూదు వ్యతిరేక ప్రచారకుడు స్టాక్‌హోమ్‌లో కరపత్రాలు పంచుతుంటే అతన్ని ఆపడానికి సరిపడే చట్టం లేకపోయింది. ఆ లోటు పూడ్చడానికి తెచ్చారు. తర్వాత పొరలు పొరలుగా పెరిగింది. 2003లో లైంగిక ధోరణి, ‘తీవ్రమైన నేరం’ అనే మెట్టు చేరాయి. 2019లో లింగ గుర్తింపు చేరింది. 2024 జులై 1 నుంచి హోలోకాస్ట్‌ని కాదనడం కూడా స్పష్టంగా సెక్షన్‌లోకి వచ్చింది.

రాక్ సంగీతానికి సంబంధించి అసలు మార్పు 1980ల చివర్లో వచ్చింది. అంతకుముందు మాట ‘బహిరంగంగా’ చెప్పి ఉండాలి. ఆ షరతు తీసేసి ‘వ్యాప్తి చేసినా’ చాలన్నారు. అంటే తలుపులు మూసుకుని, సభ్యులకే టికెట్లు అమ్మి కచేరీ పెట్టినా లోపల జరిగేది సెక్షన్ పరిధిలోకి వస్తుంది. బ్రాట్‌బీలో పోలీసులకు చట్టబలం దొరికింది ఇక్కడే. ‘మాది ప్రైవేటు పార్టీ’ అన్న వాదన ఆ మార్పుతో నీరుగారిపోయింది.

ఇక మీ ప్రశ్న. వేదిక మీద మాట, పాట, చేతి సైగ మామూలు శిక్షాస్మృతి కిందకు వస్తాయి. మామూలు పోలీసు, మామూలు ప్రాసిక్యూటర్, మామూలు కోర్టు. సీడీ మాత్రం రాజ్యాంగ స్థాయి చట్టం కిందకు వస్తుంది, దాని పేరు వైజీఎల్ (భావ ప్రకటనా స్వేచ్ఛ మౌలిక చట్టం). అక్కడ అడుగడుగునా అడ్డుగోడలు. ఆ సంగతి విడిగా రాస్తాను.

రికార్డులపెట్టె:
ధర్మపీఠం గారు వచ్చేలోపు సంగీతం వైపు కాలక్రమం పెడతాను. కాలక్రమం తెలియకపోతే వైజీఎల్ ఎందుకు కీలకమో అర్థం కాదు.

1980లలో స్వీడన్‌లో ఈ సంగీతం బ్రిటన్ నుంచి దిగిన నకలు. స్క్రూడ్రైవర్ బృందం, దాని గాయకుడు ఇయాన్ స్టూవర్ట్ డొనాల్డ్‌సన్, ఇలాంటి బృందాలను కలిపిన బ్లడ్ అండ్ ఆనర్ నెట్‌వర్క్ దానికి నమూనా. స్వీడిష్ బృందాలకు సొంత లేబుళ్లు లేవు. జర్మనీలో కొలోన్ దగ్గర బ్రూల్ నుంచి నడిచిన రాక్-ఓ-రామా లేబుల్ యూరప్ అంతటికీ సరఫరాదారు. 1993లో జర్మన్ అధికారులు దాని మీద దాడి చేశారు, అదే ఏడాది సెప్టెంబర్‌లో డొనాల్డ్‌సన్ కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ వ్యాపారం ఉత్తరానికి జరగడానికి చోటు దొరికింది.

సరిగ్గా ఆ సమయానికి స్వీడన్‌లో రెండు కలిసొచ్చాయి. ఒకటి, సీడీ నొక్కించడం చవకైంది. వెయ్యి కాపీలు వేయించే స్తోమత చిన్న గుంపులకు కూడా వచ్చింది. రెండు, 1992 జనవరి 1న వైజీఎల్ అమల్లోకి వచ్చి సౌండ్ రికార్డింగులకు పుస్తకాలతో సమానంగా రాజ్యాంగ రక్షణ ఇచ్చింది. అంతకుముందు గ్రామఫోన్ రికార్డుకి, క్యాసెట్‌కి ఆ కవచం లేదు. వాటి మీద మామూలు చట్టంతోనే కేసు పెట్టగలిగేవారు. ఆ కవచం వచ్చిన రెండు మూడేళ్లలోనే హెల్సింగ్‌బోర్గ్‌లో రాగ్నరాక్ రికార్డ్స్, లిన్‌షోపింగ్‌లో నోర్డ్‌ల్యాండ్ తలెత్తాయి. నోర్డ్‌ల్యాండ్ లేబుల్ మాత్రమే కాదు, రంగుల పత్రిక కూడా. 1999లో నేషనల్ అలయన్స్ అనే అమెరికా నియో-నాజీ సంస్థ నాయకుడు విలియం పియర్స్ అలాంటి పాటల లేబుల్ రెసిస్టెన్స్ రికార్డ్స్‌ను కొన్నాక నోర్డ్‌ల్యాండ్‌ను కూడా కలిపేసుకున్నాడు. పాటల అమ్మకం ఉద్యమానికి డబ్బు, కొత్తవాళ్లను లాగే వల, రెండూ.

చట్టసభ ఈ బృందాల కోసం వైజీఎల్ రాయలేదు. సినిమా, రేడియో, వీడియో, సంగీతం అన్నింటికీ పత్రికలకున్న రక్షణ ఇద్దామన్నదే ఉద్దేశం. ఆ రక్షణని మొదటగా పరీక్షకు పెట్టినవాళ్లు మాత్రం వీళ్లయ్యారు.

మున్నేరు:
అల్టిమా థూలే సంగతి రాయకుండా కాలక్రమం పూర్తి కాదు కదా? 1993లో ఆ బృందం ఆల్బమ్‌లు మూడు ఒకేసారి స్వీడిష్ చార్టుల్లో ఉన్నాయి. ఇది ‘అండర్‌గ్రౌండ్’ ఎలా అవుతుంది?

రికార్డులపెట్టె:
అది ఇంకో పాయ, దీంతో కలపకూడదనే ఆగాను. అల్టిమా థూలే నైషోపింగ్ ఊరి బృందం, వాళ్ల శైలిని ‘వైకింగ్ రాక్’ అంటారు. పాటల్లో వైకింగులు, పన్నెండో చార్లెస్ రాజు, పూర్వీకులు, స్వీడన్ జెండా. 1985లో వచ్చిన మొదటి సింగిల్ ఖర్చు ‘బెవారా స్వెరియె స్వెన్స్కెట్’ అనే జాత్యహంకార సంస్థ భరించింది. తర్వాత తాము జాత్యహంకారులం కామని బృందం చెబుతూ వచ్చింది. 1990ల మొదట్లో వాళ్ల రికార్డులు జనంలోకి తెచ్చింది మారియాన్ రికార్డ్స్ యజమాని బెర్ట్ కార్ల్‌సన్. ఆయన అప్పట్లో న్యూ డెమోక్రసీ పార్టీ ఎంపీ కూడా. ఆ పార్టీ 1991లో పార్లమెంటులోకి వచ్చి 1994లో బయటికి పోయింది.

చట్టం దృష్టిలో చూస్తే తేడా సూటిగా తెలుస్తుంది. సొంత దేశాన్ని ఎంత పొగిడినా హెట్స్ సెక్షన్ కదలదు. ఫలానా జనసమూహాన్ని బెదిరించాలి లేదా చులకన చేయాలి. అల్టిమా థూలే పాటలు ఆ గీతకి ఇవతలే ఉన్నాయి. నోర్డ్‌ల్యాండ్, రాగ్నరాక్ కేటలాగుల్లో చాలా పాటలు గీత దాటాయి, కావాలనే దాటాయి. సమాజం మీద ప్రభావం మాటకొస్తే మొదటి పాయ రెండోదానికి తలుపు తెరిచిందన్నది నా అభిప్రాయం. కోర్టు మాత్రం తలుపు తీసినవాడిని శిక్షించదు.

ధర్మపీఠం:
ఇప్పుడు వైజీఎల్ అడ్డుగోడలు. ఒక సీడీని చేతిలో తిప్పి వెనకవైపు చూస్తూ చదివితే బాగా అర్థమవుతుంది.

వెనక అట్ట మీద కింది అంచున చిన్న అక్షరాల్లో ఉండాల్సినవి: ఈ కాపీలు ఎవరు చేయించారు, ఎవరు చేశారు, ఎప్పుడు, ఎక్కడ. ఇది చట్టం అడిగే సమాచారం. దీంతోపాటు ‘ఉత్‌యీవారె’, అంటే బాధ్యత వహించే ప్రచురణకర్త, పేరు. ఆ పేరే కేసంతటికీ ఇరుసు.

ఎందుకంటే స్వీడిష్ పత్రికా చట్టంలో ‘ఏకైక బాధ్యత’ అనే సూత్రం ఉంది. ఒక రచనకు నేరపూరిత బాధ్యత ఒక్క మనిషిదే. సీడీ విషయంలో ఆ మనిషి ప్రచురణకర్త. అతను లేకపోతే అతన్ని నియమించాల్సినవాడు. వాడూ తేలకపోతే చివరకు పంపిణీదారు. ఇది నిచ్చెన, పై మెట్టులో మనిషి ఉంటే కింది మెట్టు మీద చేయి వేయకూడదు. పాట రాసినవాడు, పాడినవాడు, గిటార్ వాయించినవాడు ఈ నిచ్చెనలో లేనేలేరు.

అలకనంద:
అంటే స్టూడియోలో పాడితే గాయకుడికి ఏమీ కాదు, అదే గాయకుడు అదే పాట హాల్లో పాడితే జైలుకి పోవచ్చు?

ధర్మపీఠం:
సరిగ్గా అంతే. హాల్లో పాడినప్పుడు ప్రచురణకర్త అంటూ ఎవరూ లేరు, నోరు తెరిచినవాడే నిందితుడు. సీడీలో అయితే గాయకుడికి బాధ్యత లేకపోవడం ఒకటే కాదు, అతను పేరు దాచుకున్నా ఆ పేరు తవ్వి తీసే హక్కు కూడా అధికారులకు చాలావరకు ఉండదు. పత్రికలకు రహస్యాలు చెప్పేవాళ్లను కాపాడటానికి పెట్టిన నిబంధన అది. అవినీతి బయటపెట్టే గుమస్తాకి ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. దాని నీడన మారుపేర్ల బృందాలు కూడా నిలబడ్డాయి.

రెండో గోడ ప్రాసిక్యూటర్. సీడీ మీద కేసు పెట్టగలిగేది దేశం మొత్తానికి ఒకే ఒక్క అధికారి, ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన జస్టిటీకాన్స్‌లర్. పోలీసు స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు ఆయన బల్ల మీదకి చేరాలి. లోకల్ ప్రాసిక్యూటర్ ఎంత ఉత్సాహంగా ఉన్నా సొంతంగా ఏమీ చేయలేడు.

మూడో గోడ గడువు. రికార్డింగ్ విడుదలైన రోజు నుంచి ఏడాదిలోపు కేసు వేయాలి. మామూలు శిక్షాస్మృతి గడువులతో పోలిస్తే ఇది కన్ను మూసి తెరిచేంత. తపాలాలో తిరిగే సీడీ పాఠశాల పిల్లల చేతుల్లోకి వచ్చి, ఎవరో గమనించి, జస్టిటీకాన్స్‌లర్‌కి పంపేసరికే చాలాసార్లు ఏడాది దాటేది. 1990ల నిశ్శబ్దంలో పెద్ద భాగం ఈ గడువుదే.

దీనికి ఒక మినహాయింపు ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. వెనక అట్ట మీద ఉండాల్సిన ఆ తయారీ సమాచారం లేని సీడీకి ఏడాది కవచం దక్కదు. మామూలు శిక్షాస్మృతి గడువే వర్తిస్తుంది, కాకపోతే జస్టిటీకాన్స్‌లర్‌కి ఫిర్యాదు అందిన రెండేళ్లలోపు కేసు వేయాలి. ఎవరు, ఎప్పుడు చేశారో చెప్పుకోని రికార్డింగ్‌కి తేదీ చూపించి తప్పించుకునే దారి ఉండకూడదన్నది తర్కం.

నాలుగో గోడ జ్యూరీ. స్వీడన్‌లో ఇంకే నేరానికీ జ్యూరీ లేదు, పత్రికా, భావ ప్రకటన కేసులకే ఉంది.

మున్నేరు:
జ్యూరీ ఎలా పని చేస్తుందో కూడా రాయండి. సినిమాల్లో చూసే అమెరికా జ్యూరీలా 12 మందీ ఏకగ్రీవమా?

ధర్మపీఠం:
కాదు. 9 మంది. ప్రాంతీయ మండలి ముందే ఎన్నుకున్న రెండు జాబితాలు ఉంటాయి. రెండో జాబితాలోనివాళ్లు కోర్టులో సహాయ న్యాయమూర్తులుగా కూర్చున్న అనుభవం ఉన్నవాళ్లు. ఇరుపక్షాలూ కొందరిని తీసేయించాక మొదటి జాబితా నుంచి 6, రెండోదాని నుంచి 3 మిగులుతారు. కనీసం 6 మంది నేరం అంటేనే నేరం. నలుగురు కాదంటే అయిపోయింది, నిందితుడు విడుదల, దాని మీద అప్పీలుకి పై కోర్టు కూడా దోషి అనలేదు.

జ్యూరీ నేరం అన్నాక కూడా న్యాయమూర్తులు విడిగా చూసి కాదనొచ్చు. అంటే శిక్ష పడాలంటే రెండు తలుపులూ తెరుచుకోవాలి, తప్పించుకోవాలంటే ఒక్కటి మూసుకున్నా చాలు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే జ్యూరీ లేకుండా కూడా విచారణ జరుగుతుంది. శిక్ష పడితే రికార్డింగులు జప్తు చేయొచ్చు. బాధ్యుడు ఎవరో తేలని సందర్భంలో జస్టిటీకాన్స్‌లర్ జప్తు వరకు మాత్రమే అడగొచ్చు.

తుంగభద్ర:
ఇంత రక్షణ ఇవ్వడమే తప్పు అంటాను. పక్కనే జర్మనీ ఉంది. పిల్లలకు హానికరమైన రికార్డుల్ని జాబితాలో పెడతారు, ఆ తర్వాత ప్రకటన, పిల్లలకు అమ్మకం బంద్. 2000లో బ్లడ్ అండ్ ఆనర్ జర్మన్ శాఖని నిషేధించారు. 2003 డిసెంబర్‌లో బెర్లిన్ కోర్టు లాండ్‌సర్ బృందాన్నే నేర ముఠాగా తేల్చింది, 2005లో పై కోర్టు ఖాయం చేసింది. సంగీత బృందాన్ని ముఠా చట్టం కింద పట్టుకోవడం అదే మొదలు. పాటల్ని ఒక్కొక్కటిగా వెంటాడకుండా వాటిని తయారుచేసే గుంపునే పట్టుకున్నారు. స్వీడన్‌లో ఆ పని ఎందుకు జరగలేదు?

ధర్మపీఠం:
ఆ అధికరణే లేదు కాబట్టి. జాత్యహంకార సంస్థను సంస్థగా నిషేధించే చట్టం స్వీడన్ పెట్టుకోలేదు. జాతి వివక్ష నిర్మూలన ఒప్పందం 4వ అధికరణం దాన్ని అడుగుతోందని ఐక్యరాజ్యసమితి కమిటీ పదే పదే ఎత్తిచూపింది. సంస్థను వదిలి, అది చేసే ప్రతి పనినీ నేరంగా పట్టుకుంటే చాలన్నది స్వీడిష్ ప్రభుత్వాల జవాబు.

తుంగభద్ర గారి కోపంతో నాకు పేచీ లేదు, జర్మన్ పద్ధతి స్వీడన్‌కి నప్పుతుందన్న దాంతోనే పేచీ. జర్మన్ లేబుళ్లు మూతపడితే మాస్టర్ టేపులు సరిహద్దు దాటి డెన్మార్క్, స్వీడన్ చేరాయి. ఒక దేశం మూసిన తలుపు పక్క దేశం తెరిచినంతకాలం నిషేధం సగం పనే చేస్తుంది. నేను మార్చమనేది ఏడాది గడువు. జస్టిటీకాన్స్‌లర్ ఒక్కరే ప్రాసిక్యూటర్ అన్నది ఉండాలి, జ్యూరీ ఉండాలి, గడువు మాత్రం తపాలా కేటలాగుల లోకానికి సరిపోయేది కాదు.

తుంగభద్ర:
గడువు ఒక్కటి మారిస్తే చాలదు. 1999 గుర్తు చేసుకోండి. మే నెలలో మలెక్సాండర్‌లో ఇద్దరు పోలీసులు, అక్టోబర్‌లో స్టాక్‌హోమ్ శివారు సెత్రాలో కార్మిక సంఘ కార్యకర్త బ్యోర్న్ సోడర్‌బెరీ నియో-నాజీల చేతుల్లో హతమయ్యారు. ఇద్దరు ముగ్గురు కాదు, మొత్తం సమాజం వణికింది. ఆ నవంబర్ 30న ఆఫ్టన్‌బ్లాడెట్, డాగెన్స్ నిహెటర్, ఎక్స్‌ప్రెసెన్, స్వెన్స్కా డాగ్‌బ్లాడెట్ నాలుగూ కలిసి 62 మంది నియో-నాజీల ఫోటోలు ఒకే రోజు వేశాయి. పోటీ పత్రికలు ఒక్కతాటి మీదికి రావాల్సి వచ్చిందంటే చట్టం తన పని చేయలేదనే కదా అర్థం.

రికార్డులపెట్టె:
ఆ హత్యల్ని పాటలకి ముడిపెట్టేటప్పుడు జాగ్రత్త కావాలి. ఫలానా పాట విని ఫలానా వాడు చంపాడని తేల్చిన కోర్టు లేదు. తేలినది వేరు: ఒకే మనుషులు పత్రిక, లేబుల్, కచేరీ, సంస్థ నాలుగింటా ఉన్నారు. ఆ అల్లిక బయటపెట్టింది 1995లో మొదలైన ఎక్స్‌పో పత్రిక. స్థాపకుల్లో ఒకరు తర్వాత నవలలతో ప్రపంచానికి తెలిసిన స్టీగ్ లార్సన్. 1996లో ఆ పత్రిక అచ్చేసే ప్రెస్సులకు, అమ్మే దుకాణాలకు బెదిరింపులు వస్తే ఆఫ్టన్‌బ్లాడెట్, ఎక్స్‌ప్రెసెన్ రెండూ ఎక్స్‌పో సంచికను తమ పాఠకులకు అనుబంధంగా ఇచ్చాయి. జనంలో ఈ సంగీతం ఎంత చొచ్చుకుపోయిందో పాఠశాల పిల్లల మీద 1997లో జరిగిన సర్వే చూపించాక ప్రధాని గోరన్ పెర్షాన్ హోలోకాస్ట్ బోధన కోసం ‘లెవాందే హిస్తోరియా’ (సజీవ చరిత్ర) కార్యక్రమం మొదలుపెట్టారు. 2003లో అది ప్రభుత్వ సంస్థ అయింది. కేసులకంటే ఈ పనికే ఎక్కువ ఫలితం వచ్చిందని నా నమ్మకం.

అలకనంద:
గీత ఎక్కడ ఉందో ఇంకా స్పష్టం కావాలి. సెల్యూట్, బ్యాడ్జి, మాట, మూడింటికీ ఒకటే కొలతా?

ధర్మపీఠం:
మూడు తీర్పులు దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది.

1996లో సుప్రీంకోర్టు, నాజీ తరహా చిహ్నాలు బట్టల మీద అందరికీ కనిపించేలా ధరించడం కూడా ‘సందేశం వ్యాప్తి’ అవుతుందంది. నోరు మెదపనక్కర్లేదు. బ్రాట్‌బీలో సెల్యూట్లకే అంతమందిని పట్టుకోగలగడానికి నేపథ్యం ఇదే.

2005లో ఓకె గ్రీన్ అనే పాస్టర్ కేసు. 2003లో ఓలాండ్ దీవిలోని బోర్గ్‌హోల్మ్‌లో స్వలింగ సంపర్కులను తీవ్రంగా దూషిస్తూ ఉపన్యాసం ఇచ్చాడు. కింది కోర్టు నెల జైలు వేసింది. సుప్రీంకోర్టు చిత్రమైన దారి పట్టింది: సెక్షన్ ప్రకారం నేరమే, కానీ యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందం ప్రకారం శిక్ష నిలవదు కాబట్టి విడుదల.

2006లో సోడర్‌హామ్ కేసు. 2004 డిసెంబర్‌లో ఒక ఉన్నత పాఠశాలలో పిల్లల లాకర్లలో స్వలింగ సంపర్కులను దూషించే సుమారు 100 కరపత్రాలు పడేశారు. ఇక్కడ సుప్రీంకోర్టు శిక్ష వేసింది. 2012 ఫిబ్రవరి 9న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ‘వెయ్‌దెలాండ్’ తీర్పులో స్వీడన్ చేసింది ఒప్పందానికి విరుద్ధం కాదంది. పిల్లలు, పైగా వద్దనే అవకాశం లేని చోటు, అక్కడ బరువు పెరిగింది.

ఈ రెండో, మూడో తీర్పుల మధ్య దూరంలోనే గీత ఉంది. మాట కటువు ఒక్కటే చూడరు. ఎక్కడ, ఎవరికి, ఏ సందర్భంలో అన్నది చూస్తారు. తీవ్రమైన నేరమా కాదా తేల్చడానికి రెండు అడుగుతారు: మాట ప్రత్యేకంగా బెదిరించేదా, అవమానించేదా? చాలామందికి, గట్టిగా గమనం లాగే విధంగా చేరిందా? పాట విషయంలో చరణం ఒక్కటే చాలదు. అట్ట మీద బొమ్మ, లోపలి బుక్‌లెట్, చిహ్నాలు అన్నీ కలిపి చదువుతారు.

పాలేరు:
ఇక్కడ మన చట్టంతో ఒక పోలిక పనికొస్తుంది. మన పాత ఐపీసీ సెక్షన్ 153ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 196, వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం. సాధారణ శిక్ష 3 ఏళ్ల వరకు. కోర్టు విచారణకు తీసుకోవాలంటే కేంద్ర లేదా రాష్ట్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అంటే మన దగ్గరా వడపోత ఉంది, అది పాలకుల చేతిలో ఉంది. అరెస్టు మాత్రం ముందే అయిపోవచ్చు, అనుమతి తర్వాత సంగతి. స్వీడన్ సీడీ కేసులో వడపోత మొదట్లోనే, ఒకే న్యాయాధికారి దగ్గర. పోలిక ఇంతవరకే పనికొస్తుంది, ఎందుకంటే మన దగ్గర రికార్డింగ్‌కి విడిగా రాజ్యాంగ చట్టం లేదు, జ్యూరీ అంతకన్నా లేదు.

మున్నేరు:
సీడీల కాలం ముగిసింది. ఇప్పుడు ఎంపీత్రీ, స్ట్రీమింగ్. ఈ నాలుగు గోడలు ఇంకా ఉన్నాయా?

ధర్మపీఠం:
వెబ్‌సైట్‌ని బట్టి. మామూలు వ్యక్తి నడిపే సైట్‌లో పాట పెడితే రాజ్యాంగ కవచం లేదు, శిక్షాస్మృతి నేరుగా తగులుతుంది, మామూలు ప్రాసిక్యూటర్ చాలు. పత్రిక సంస్థల సైట్లకు కవచం దానంతటదే ఉంటుంది. మిగతావాళ్లు కావాలంటే ప్రచురణ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవాలి. దాని గడువు 10 ఏళ్లు, ఇప్పుడు ఇచ్చేది మెడియెమిన్‌దిగ్‌హేతెన్ అనే ప్రభుత్వ మీడియా సంస్థ. ధ్రువపత్రం తెచ్చుకుంటే రక్షణతో పాటు బాధ్యుడి పేరు కూడా నమోదు చేయాలి. కవచం కావాలి, పేరు మాత్రం బయటపెట్టను అనే దారి లేదు.

రికార్డులపెట్టె:
ఆచరణలో చట్టంకంటే ముందు కంపెనీలే కదిలాయి. 2014లో అమెరికా సదరన్ పావర్టీ లా సెంటర్ ఐట్యూన్స్‌లో 54 జాత్యహంకార బృందాలను గుర్తించాక యాపిల్ తీసేయడం మొదలుపెట్టింది. 2017 ఆగస్టులో అమెరికాలో షార్లట్స్‌విల్ శ్వేతజాత్యహంకారుల ర్యాలీ హింస తర్వాత స్టాక్‌హోమ్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న స్పాటిఫై కూడా అదే పని చేసింది. జ్యూరీ లేదు, అప్పీలు లేదు, ఒక రోజులో పాట మాయం.

ఇందులో ఇబ్బందేమిటంటే తీసేసిన పాట రికార్డు ఎక్కడా మిగలదు. 2011లో నార్వేలో సామూహిక హత్యలు చేసిన బ్రెవిక్ తన పత్రంలో ఈ కోవకే చెందిన స్వీడిష్ గాయని సాగాని ప్రశంసించాడు, ఆమె ఆ దాడిని ఖండిస్తూ ప్రకటన ఇచ్చింది. ఆ సమయంలో ఆ పాటలు ఎవరెవరు ఎక్కడ వింటున్నారో అధ్యయనం చేయాలంటే పరిశోధకుడికి ఆధారం కావాలి. కంపెనీ డిలీట్ చేస్తే ఆధారం కూడా పోతుంది.

అలకనంద:
చివరగా ఆచరణ ప్రశ్న. స్వీడన్‌లో ఉన్న మనవాళ్లకి ఇలాంటి రికార్డింగ్ లేదా కచేరీ ఎదురైతే ఏం చేయాలి? ఫిర్యాదు ఎక్కడ వీగిపోతుంది?

ధర్మపీఠం:
మొదట ఇది వేదికా, రికార్డింగా, సైటా తేల్చుకోండి. ఫిర్యాదు తప్పు చోటికి వెళ్తే కాలం పోతుంది. కచేరీ, సైగ, ధ్రువపత్రం లేని సైట్ అయితే పోలీసు. సీడీ, వినైల్, ధ్రువపత్రం ఉన్న సైట్ అయితే జస్టిటీకాన్స్‌లర్.

సీడీ అయితే వెనక అట్ట రెండు వైపులా ఫోటో తీయండి, కేటలాగు సంఖ్య, తయారీ సమాచారం ఉన్నాయో లేదో రాయండి. లేకపోతే ‘లేదు’ అని స్పష్టంగా రాయండి, గడువు లెక్క దాని మీదే ఆధారపడుతుంది. ఎప్పుడు, ఎవరి దగ్గర కొన్నారో చూపే రసీదు లేదా కవరు మీద తపాలా ముద్ర ఉంటే జతచేయండి. ఏ పాట, ఏ నిమిషం, ఏ మాట అన్నది స్వీడిష్‌లో రాసి పెట్టండి. ‘ఈ సీడీ అంతా ద్వేషం’ అన్న ఫిర్యాదుకి బలం ఉండదు.

కచేరీ అయితే అసలు సమస్య వ్యాప్తి. పాట మాటలు ఎంతమందికి స్పష్టంగా వినిపించాయో చూపాలి. హాలు శబ్దంలో మాటలు వినపడకపోతే కేసు సన్నగిల్లుతుంది. అందుకే ఇలాంటి కేసుల్లో గాయకుడి మాటకంటే ప్రేక్షకుల సెల్యూట్లు ఎక్కువగా రుజువవుతాయి. వీడియోలో చేయి కనిపిస్తుంది, తర్జుమా అక్కర్లేదు.

ఆ క్లిప్‌ని కోపంతో పదిమందికీ పంపకండి. మీ ఉద్దేశం ఖండించడమే అయినా వ్యాప్తి మీ చేతి మీదుగా జరుగుతుంది. ఫైల్ దాచండి, తేదీ రాయండి, అధికారికి ఇవ్వండి.

పాలేరు:
దీనికి ఒకటి కలుపుతాను. ఈ విషయం మీద తెలుగులో వ్యాసం రాసేవాళ్లు పాటల చరణాలు అనువదించి వేయక్కర్లేదు. జస్టిటీకాన్స్‌లర్ నిర్ణయాలు బహిరంగ పత్రాలు. సంస్థకి ఈమెయిల్ రాసి, డైరీ సంఖ్య ఇచ్చి అడగొచ్చు. మీరెవరో, ఎందుకో చెప్పాల్సిన అవసరం సాధారణంగా లేదు. ఈ హక్కు 1766 నాటి పత్రికా చట్టం నుంచి వస్తోంది. మొదటి 9 పేజీల కాపీకి సాధారణంగా ఫీజు ఉండదు. ఈమెయిల్‌లోనే పంపాలని పట్టుబట్టలేం, కాగితం మీద పంపినా వాళ్ల బాధ్యత తీరినట్టే, కాబట్టి తపాలా చిరునామా కూడా ముందే ఇవ్వండి. ఆ నిర్ణయాల్లో ఏ పాటలో ఏ వాక్యం, ఎందుకు నేరమో లేదా కాదో కారణంతో సహా ఉంటుంది.

రికార్డింగే వినాలంటే స్టాక్‌హోమ్‌లోని రాజ గ్రంథాలయంలో అడగాలి. దేశంలో విడుదలైన సంగీతం చట్టప్రకారం అక్కడికి జమ అవుతుంది, 2009 నుంచి పాత ఆడియో-వీడియో ఆర్కైవు కూడా ఆ సంస్థలోనే కలిసింది. పరిశోధన కారణం రాసి దరఖాస్తు పెట్టాలి. పేరు రాసేటప్పుడు బృందం పేరుతో పాటు లేబుల్, కేటలాగు సంఖ్య కూడా రాయండి. ఒకే పేరుతో రెండు మూడు బృందాలు ఉన్నాయి, సంఖ్య లేకపోతే వేరే పెట్టె తెచ్చి ముందు పెడతారు.